దెయ్యం బుట్టకు వాననీళ్లు

మొక్కల్ని పురుగులు తినడం మామూలే. పురుగుల్నే తినే మొక్క ఇంట్లో ఉంటే? అదే కూజా మొక్క... నెపంథిస్. మన దేశంలో సహజంగా పెరిగేది ఒక్క రకమే, మేఘాలయ కొండల్లోని నెపంథిస్ ఖాసియానా. అక్కడి గారోలు దాన్ని ‘మెమాంగ్ కోక్సి’ అంటారు. అంటే దెయ్యం బుట్ట! ఆకు కొసే కూజాలా మారుతుంది. అంచున ఊరే తేనె కోసం వచ్చిన చీమ జారి లోపలి ద్రవంలో పడి జీర్ణమైపోతుంది. నేలలో చాలినంత దొరకని నత్రజనిని మొక్క అలా సంపాదించుకుంటుంది.

వానకొండల మొక్క కోడుమూరులాంటి ఎండల ఊళ్లో బతుకుతుందా? కష్టమే, కానీ ప్రయత్నించొచ్చు. గాలి పొడిబారితే కొత్త కూజాలు రావు. అందుకే వేసవిలో కూలర్ ఉన్న గదిలో, బాగా వెలుతురొచ్చే కిటికీ దగ్గర ఉంచాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకూడదు. బోరునీళ్లు పోస్తే వాటిలోని లవణాలు వేళ్లను దెబ్బతీస్తాయి. వాననీళ్లు పట్టి దాచుకోవాలి. అవి అయిపోతే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంది. మట్టీ, పేడఎరువూ వద్దు. బాగా కడిగిన కొబ్బరిపొట్టులో పెర్లైట్ కలిపితే చాలు. పిల్లలు సరదాపడి మాంసం ముక్కలు వేస్తే కూజా కుళ్లిపోతుంది. దాని వేట దానికే వదిలేయాలి.

కొనేముందు ఒక్కమాట. అడవుల్లో ఖాసియానా అంతరించే ముప్పులో ఉంది. కాబట్టి నర్సరీలో పెంచిన రకాలనే తెచ్చుకోండి. కొండమీది దెయ్యం బుట్టను కొండమీదే ఉండనివ్వండి!