అంకెయే పేరైన శిఖరము

భూమిపై ఎవరెస్టు తరువాత అత్యున్నతమైన శిఖరము, పాకిస్తాను చైనాల సరిహద్దున, కారకోరము పర్వతశ్రేణియందు 8,611 మీటర్ల యెత్తున నిలిచియున్నది. ధవళగిరి, అన్నపూర్ణ, నందాదేవి వంటి శ్రవణసుభగములైన పేర్ల కలవాటుపడిన మనకు, దీని పేరు కే-2 అని చెప్పినచో, ఎవరో ఇంటినంబరు చెప్పినట్లుండును.

ఈ పేరు పుట్టినది 1856లో. భారతదేశము నంతటిని త్రికోణములుగా విభజించి కొలుచుచుండిన మహాసర్వేలో ఉద్యోగియైన థామస్ మాంట్‌గోమరీ, కాశ్మీరమందలి హరముఖ పర్వతముపై థియొడొలైటును నెలకొల్పి ఉత్తరపు దిక్కును పరికింపగా, 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున, నడుమనున్న కొండలన్నిటి వెనుకనుండి రెండు శిఖరములు తలలెత్తి కనబడెను. వాని యాకారములను పుస్తకమున గీసికొని, కారకోరమునకు గుర్తుగా ఇంగ్లీషు 'కె' అక్షరమును గ్రహించి, ఒకదానికి కే-1 అనియు, వేరొకదానికి కే-2 అనియు వ్రాసికొనెను. ఎత్తు లెక్కతేలిన పిమ్మట వేసిన అంకెలు కావవి. రెండవ యంకె పొందిన కొండయే లోకమున రెండవది యగుట కేవలము కాకతాళీయము. మొదటి యంకె గల కొండ యెత్తు 7,821 మీటర్లే.

ఇట్టి గుర్తులు తాత్కాలికములు. స్థానికుల వాడుకలో పేరున్నచో దానినే నిలుపుట సర్వేవారి యాచారము. ఆ ప్రకారమే కే-1 మషెర్‌బ్రుమ్ అయినది; కే-3, కే-4, కే-5 గాషెర్‌బ్రుమ్ శిఖరములైనవి. కే-2కు మాత్రము నలుగురి నోట నలిగిన పేరు దొరకలేదు. కారణము ఊహకందనిది కాదు: దక్షిణమున బల్తీ ప్రజల కడపటి గ్రామమైన అస్కోలేనుండి ఈ శిఖరము కనబడదు, దానిని నిండుగా చూడవలెనన్న బల్తోరో హిమానీనదముపై దినముల తరబడి నడచి, కాంకార్డియా యను చోటు చేరవలెను. పశువుల మేతకు గాని వంటచెరకునకు గాని అక్కరకు రాని యా మంచురాళ్ల యెడారికి పనిగట్టుకొని యెవరు పోవుదురు? కంటబడని కొండకు పేరుతో పనియేమి? 'చోగోరి' అను బల్తీ మాట గ్రంథములందు కనబడును గాని, దాని యర్థము పెద్దకొండ యనియే. అడిగిన దొరకు జవాబుగా నెవరో చెప్పినదే యది కావచ్చునని పలువురి యనుమానము.

1861లో బల్తోరోను సర్వే చేసిన గాడ్విన్ ఆస్టిన్ పేరు దీనికి పెట్టవలెనని తరువాత ప్రతిపాదన వచ్చినది. లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అంగీకరింపలేదు. ఎవరెస్టు దొర తానే వలదన్నను, 1865లో ఆయన పేరును ఆ శిఖరమునకు ఖాయపరచిన సంఘమే ఇచట నింత నిగ్రహము చూపుట నాకు వింతగాను, కొంత సంతోషముగాను ఉన్నది. ఆస్టిన్ పేరు శిఖరపాదమునందలి హిమానీనదమునకు దక్కినది. 1954 జూలై 31న కంపాన్యోని, లాచెదెల్లి యను ఇటలీ దేశస్థు లిరువురు తొలిసారిగా శిఖరాగ్రమున కాలిడునాటికి కే-2 యను పేరే లోకమున పాతుకొనిపోయినది. బరువులు మోయు బల్తీ కూలీలు సైతము దానిని 'కేటు' అని తమ నాలుకకు అనువుగా త్రిప్పుకొనిరి. మన పంచాంగములోని కేతువుతో దానికి చుట్టరికమేమియు లేదు.