గ్రాఫిక్స్ కార్డా? ప్రాసెసరా?

ఆట తడబడుచున్నది, చేతనున్న సొమ్ము ఒక్క భాగమునకే చాలును. ఏది మార్చవలెను? కంప్యూటరుపై ఆటలాడు విద్యార్థి మిత్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఇది. దుకాణదారుని అడుగుటకంటె యంత్రమునే అడుగుట మేలని మా అభిప్రాయము. అతడు అమ్మదలచిన సరుకు వేరు, మనకు కావలసినది వేరు కావచ్చును.

తెరపై సెకనుకు 60 ఫ్రేములు కావలెనన్నచో ఒక్కొక్క ఫ్రేమునకు లభించు వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకనులు. ఆటలో ఎవరెక్కడ నున్నారో, ఏ గుండు ఎటు పోవుచున్నదో ప్రాసెసరు లెక్కించి, గీయవలసినదానిని కార్డునకు అప్పగించును. కార్డు దానిని చుక్కలుగా మార్చి రంగులు నింపును. ఇది ఒక ఫ్రేమును గీయుచుండగా అది తరువాతి ఫ్రేమును సిద్ధపరచుచుండును. కనుక ఆ రెంటిలో మందకొడిగా నున్నదే ఆట వేగమును నిర్ణయించును.

1920×1080 తెరలో చుక్కలు సుమారు 20.7 లక్షలు, 3840×2160 తెరలో దానికి నాలుగు రెట్లు. చుక్కలు పెరిగినపుడు భారము మోయునది కార్డే. ప్రాసెసరు పని ఇంచుమించు మారదు. పరీక్ష ఇందులోనే ఉన్నది. ఫ్రేముల సంఖ్యపై విధించిన పరిమితులను తొలగించి, రిజల్యూషను తగ్గించి చూడవలెను. వేగము బాగుగా పెరిగినచో లోపము కార్డుది. పెరగనిచో ప్రాసెసరును అనుమానింపవలెను. ప్రాసెసరు వినియోగము 40 శాతమే చూపుచున్నదని మోసపోరాదు: ఒక కోరు ఊపిరాడక శ్రమించుచుండగా తక్కినవి ఖాళీగా నుండవచ్చును!

ఖర్చు సంగతి వేరు. ఇంటెల్ 7వ తరము మదర్‌బోర్డులలో, సాకెట్టు పేరు 1151 యే అయినను, 8వ తరము ప్రాసెసరు పనిచేయదు. ఏఎండీ వారి ఏఎం4 బోర్డులు ఉదారములు; 2017 నాటి బోర్డులు పెక్కింటిలో, బయాస్ నవీకరించినచో, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌3డి ఇమిడిపోవును. అదే ఏఎం5 నకు మారదలచినచో ప్రాసెసరుతోపాటు బోర్డు, డీడీఆర్5 మెమరీ కూడ కొనక తప్పదు. ఇంటివారు పంపిన సొమ్ముతో చదువుకొను విద్యార్థికి ఇది చిన్న భేదము కాదు.

కార్డును మార్చువారు పవర్ సప్లైని మరువరాదు. జీటీఎక్స్ 1060 నకు 120 వాట్లు చాలును. ఆర్‌టీఎక్స్ 3060 నకు 170 వాట్లు కావలెను. ఇక మెమరీ ఒక్క పలకగానే ఉన్నచో, అట్టిదే రెండవది చేర్చి, రెండు ఛానళ్లు పనిచేయునట్లు అమర్చి, పై పరీక్షను మరల చేయుడు. ఖర్చు స్వల్పము, కొన్ని యంత్రములకు అంతమాత్రమే చాలును.