తాళంచెవికి తాళం: రహస్యవాక్యం

వారణాసి ఐ.ఐ.టి.లో 2019లో ప్రారంభమైన పరమ్ శివాయ్, హైదరాబాదు ఐ.ఐ.టి.లోని పరమ్ సేవా వంటి సూపర్ కంప్యూటర్లకు పరిశోధకులు దూరాననుండియే, ఆదేశాలను టైపు చేసి పని అప్పగించగలరు. మనిషి ఎదుట లేనపుడు ఇతడు ఫలానా అని యంత్రం గుర్తించుట ఎట్లు?

తొలి ఉపాయం రహస్యపదం. 1960ల దశకంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో, పలువురు కలిసి వాడుకొనే సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థలో, రెండు దస్త్రాలు తారుమారై రహస్యపదాల పట్టిక యావత్తూ ప్రవేశించిన ప్రతివారికీ కనబడినది!

ఫిన్లాండులో టాటూ యిలోనెన్ 1995లో రూపొందించిన ఎస్.ఎస్.హెచ్. సాధనంలో వేరొక మార్గం కూడ గలదు. కీజెన్ అను ఆదేశం జంట తాళంచెవులను సృష్టిస్తుంది. బహిరంగమైనది దూరపు యంత్రంలో ఉంచవలెను. అది బయటపడినా ప్రమాదం లేదు. రహస్యమైనది మనవద్దనే ఉండును. దానిని గూఢలిపిలో బంధించుటకే కంప్యూటరు రహస్యవాక్యం అడుగుతుంది. ఈ వాక్యం దూరపు యంత్రానికి ఎన్నడూ చేరదు. తొందరలో ఏమీ టైపు చేయక ఎంటర్ మీట నొక్కినచో, ఆ తాళంచెవి దొంగకు చిక్కిన నాడు అతడు మన పేరుతోనే లోపల ప్రవేశిస్తాడు.

వాక్యానికి క్లిష్టతకన్న నిడివి ముఖ్యం. ఐదు పాచికలు 7,776 విధాలుగా పడగలవు. అన్ని పదాల పట్టికనుండి పాచికలు వేసి ఆరు పదాలను ఎన్నుకొన్నచో, సాధ్యమైన వాక్యాల సంఖ్య 24 అంకెలు గలది. ప్రసిద్ధ పద్యపాదం మాత్రం పనికిరాదు. మనకు కంఠస్థమైనది దొంగకూ కంఠస్థమే.

మరచిన వాక్యాన్ని తిరిగి చెప్పగలవారు లేరు. కొత్త జంటను సృష్టించుకొని, పాత బహిరంగ తాళంచెవిని దూరపు యంత్రంనుండి తొలగింపజేయవలెను.