స్త్రీల అండాశయములందలి హార్మోను కంతులు – వానిని గుర్తించు విధము

పైరున తెగులు కనిపించినప్పుడు మన రైతులు ఆకును త్రుంచి చూచి, తెలిసినవారి నడిగి, వెంటనే మందు తెచ్చుచున్నారు. ఇంటి స్త్రీల దేహమున మార్పు కనిపించినప్పుడు మాత్రము "వయసు లక్షణము", "వేడి చేసినది" అని యూరకుండుట మన గ్రామములందు వాడుక. అట్టి మార్పులలో కొన్నిటికి మూలము అండాశయమున పుట్టు కంతి కావచ్చును. ఇది అరుదైన వ్యాధియే. అయినను వేళకు గుర్తించినచో చాలవరకు శస్త్రచికిత్సచేత నయమగునది గావున, దీని చిహ్నములను ప్రతి కుటుంబమును ఎఱిగియుండుట మేలు.

గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయంత పరిమాణము గల అండాశయములు రెండు కలవు. ఇవి అండమును విడుచుటయే గాక, ఈస్ట్రోజెను మొదలగు హార్మోనులను రక్తమున కలుపుచుండును. ఎంత కలుపవలెనో మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి నిర్ణయించును. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు నీటిని లస్కరు తూముతలుపు లెత్తి దించి పొలములకు పంచును గదా! ఈ గ్రంథియు నట్టిదే. హార్మోనును విడుచు కంతి యన్ననో కాలువగట్టునకు పడిన గండి వంటిది. అది లస్కరు ఆజ్ఞకు లోబడదు. రాత్రింబవళ్లు పారుచునే యుండును.

ఈ కంతులలో ముఖ్యమైనది గ్రాన్యులోజా కంతి. అండాశయపు కేన్సరులు నూటిలో నిది సుమారు 2 మొదలు 5 వరకు నుండును. ఇది ఈస్ట్రోజెనును అధికముగా విడుచుటచే గర్భాశయపు లోపొర మందమై, ముట్లుడిగిన స్త్రీకి మఱల రక్తస్రావము కనిపించును. ముట్లు నిలిచి యొక సంవత్సరము గడచిన పిమ్మట ఒక్క చుక్క కనిపించినను వైద్యునికి చూపవలెను. ఇందుకు వేఱు కారణములును కలవు; గర్భాశయపు కేన్సరు వానిలో నొకటి. ఏ కారణమైనను ఉపేక్షింపదగినది కాదు.

ఇట్టి కంతి అరుదుగా బాలికలకును కలుగును. అప్పుడు ఎనిమిదేండ్లు నిండకమునుపే రొమ్ములు పెరుగుటయు, రక్తస్రావమగుటయు సంభవించును. పిల్ల రజస్వల యైనదనగానే చిమ్మిలి పెట్టి, బంధువులను పిలుచుట మన సీమలో ఆచారము. ఆరేడేండ్ల పిల్ల విషయమున మాత్రము పేరంటమునకు ముందు వైద్యుడు చూడవలెను. వేళకు ముందు ఎదిగిన బాలికలందఱకును కంతి యుండదు. కాని పరీక్షింపక చెప్పుట యెవ్వరితరమును కాదు.

రెండవజాతి సెర్టోలి-లైడిగ్ కంతి. ఇది మిక్కిలి అరుదు. తఱచు యౌవనస్త్రీలకు కలుగును. ఇది పురుషహార్మోనగు టెస్టోస్టిరోనును విడుచును. ముట్లు నిలుచుట, గడ్డము మీసములు మొలచుట, గొంతు బొంగురుపోవుట దీని చిహ్నములు. సామాన్యమైన పి.సి.ఓ.డి. యందును వెండ్రుకలు పెరుగును. అది యీడు వచ్చినది మొదలు మెల్లమెల్లగా సంవత్సరములపై పెరుగును. కంతియందు కొలది నెలలలోనే రూపము మారును. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. సిగ్గుచే కోడలు దాచుటయు, సంతానము లేదని అత్తవారు నిందించుటయు వ్యాధిని పెంచుటకే తోడ్పడును.

వైద్యుడు మొదట మార్పు ఎప్పుడు మొదలైనదో అడిగి, పొట్టను పరీక్షించును. పిమ్మట రక్తమున హార్మోనులను కొలిపించును. స్త్రీల రక్తమున టెస్టోస్టిరోను డెసిలీటరునకు 200 నానోగ్రాములు మించినచో కంతిని గూర్చి గట్టిగా అనుమానింతురు. డి.హెచ్.ఇ.ఏ. సల్ఫేటను మఱియొక హార్మోను మిక్కిలి హెచ్చినచో, దోషము మూత్రపిండములపై నున్న ఎడ్రినల్ గ్రంథులయందు వెదకుదురు. బాలికకు ఈస్ట్రోజెను హెచ్చి, పిట్యూటరీ హార్మోనులు తగ్గియున్నచో, లస్కరు తలుపులు దించినను నీరు పారుచున్నదని, అనగా గండి క్రిందనే యున్నదని తెలియును. గ్రాన్యులోజా కంతికి ఇన్హిబిను పరీక్ష గుర్తు. అల్ట్రాసౌండు, అవసరమైనచో సి.టి. లేక ఎం.ఆర్.ఐ. చేయుదురు. చిన్నకంతి స్కానునకు చిక్కకపోవుటయు కలదు. రక్తస్రావమున్నచో గర్భాశయపు లోపొర ముక్కను పరీక్షింతురు. కంతిని తీసి సూక్ష్మదర్శినితో చూచిన పిమ్మటనే తుదినిర్ణయము.

మఱియొక అరుదైన జాతి కోరియోకార్సినోమా. ఇది గర్భిణీ హార్మోనును విడుచుటచే గర్భము లేకయే గర్భపరీక్ష ఉన్నదని చూపును. మాయనుండి పుట్టు ఇట్టి కేన్సరు మెథోట్రెక్సేటుచే లొంగెనని 1956లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఆ మందు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైనది. మన సీమవాని కృషి యెందఱు తల్లులను నిలిపినదో!

కంతి ఒక ప్రక్కనే యున్నచో, యౌవనస్త్రీలకు తఱచు ఆ అండాశయమునే తొలగించి రెండవదానిని నిలుపుదురు. సంతానమున కాశ యుండును. ముట్లు మఱల వచ్చును. బొంగురుపోయిన గొంతు మాత్రము పూర్తిగా మరలకపోవచ్చును; ఆలస్యమువలన నష్టమిదియే. గ్రాన్యులోజా కంతి పది, ఇరువదేండ్లకు సైతము తిరిగి రావచ్చును. కావున శస్త్రచికిత్స కాగితములను పొలము దస్తావేజులతో సమముగా భద్రపఱచి, వైద్యుడు చెప్పిన గడువులకు తప్పక చూపించుకొనవలెను.

పైచిహ్నములలో నొక్కటి కనిపించినను, నాటుమందులతో నెలలు గడపక, స్త్రీవైద్యురాలికి చూపుడు. కాకినాడ రంగరాయ వైద్యకళాశాల 1958 నుండి మన జిల్లాలకు అందుబాటున నున్నది. సభ్యులు ఈ పుటను ఇంటి స్త్రీలకు చదివి వినిపింతురుగాక.