మూలధన విలువ పన్ను

పట్టణ ఎన్నికల హామీల్లోనూ పురపాలక వార్తల్లోనూ తరచూ కనిపించే మూలధన విలువ పన్ను అంటే, ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్న అంచనాపై కాక, స్థలానికీ కట్టడానికీ కలిపి లెక్కగట్టిన విలువపై నిర్ణీత శాతం చొప్పున విధించే ఆస్తి పన్ను. రాష్ట్రాల అదనపు రుణాలకు కేంద్రం 2020లో పట్టణ సంస్కరణలను షరతుగా పెట్టగా, ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది పురపాలక చట్టాలను సవరించి, వార్షిక అద్దె విలువ స్థానంలో ఈ పద్ధతిని 2021 ఏప్రిల్ నుంచి తెచ్చింది.

స్థలం విలువను రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన ధరల నుంచి తీసుకుని, దానికి కట్టడం విస్తీర్ణం, నిర్మాణ రకం, వయసును బట్టి కట్టిన విలువను కలుపుతారు. ఆ మొత్తం 20 లక్షల రూపాయలై, రేటు 0.15 శాతమైతే ఏడాది పన్ను 3,000 రూపాయలు. పాఠకుడు గమనించవలసిన మెలిక ఇక్కడే ఉంది: రేటు అలాగే ఉన్నా, రిజిస్ట్రేషన్ ధరలను సవరించినప్పుడు పన్ను లెక్కకు ఆధారమైన విలువ పెరుగుతుంది కనుక, రేటు పెంచబోమన్న హామీ, పన్ను పెరగదన్న హామీ ఒకటి కావు (వేదికలపై ఈ తేడా వినిపించడం అరుదు). ఈ పెరుగుదల పాత పన్నుపై 15 శాతం మించకుండా ప్రభుత్వం పరిమితి విధించింది.

హైదరాబాద్‌లో లెక్క అద్దె విలువ మీదే సాగింది. 2020 నవంబరులో, నగరపాలక ఎన్నికలకు ముందు, 15,000 రూపాయల లోపు పన్ను కట్టే నివాస గృహాలకు ప్రకటించిన సగం రాయితీ ఒక ఏడాది బిల్లుకు సంబంధించినదే తప్ప పద్ధతిని మార్చలేదు.