ద్వీపాంతర విహారము: ఏ తీరమునకు పోవలెను?

మెదకు జిల్లా ఎల్దుర్తినుండి ఒక శ్రోతల కుటుంబమువారు మాకు జాబు వ్రాసిరి. సంక్రాంతి సెలవులలో అండమాను దీవులకు పోవలెనని వారి సంకల్పము. చేత ఏడు దినముల వ్యవధి కలదు. కొన్ని ఏండ్లుగా కూడబెట్టిన కొద్దిపాటి సొమ్ము కలదు. ఇంటి పెద్దావిడకు మోకాళ్ళ నొప్పి. పిల్లలిద్దరును చెరువులో ఈత నేర్చినవారు. సముద్రమును మాత్రము ఆ ఇంట ఎవ్వరును ఇంతవరకు చూడలేదు. "అచ్చట తీరములు పెక్కు కలవందురు. వానిలో మేలైనది ఏదియో చెప్పుడు" అని వారడిగిరి.

ప్రశ్న చిన్నదే గాని సమాధానము ఒక్క మాటలో తేలునది కాదు. ఎల్దుర్తినుండి ఎటు పోయినను సముద్రము మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. చెరువును, వాగును, బావిని ఎరిగిన మనకు నీటి భయము లేదు. ఆ నిర్భయత్వమే సముద్రమువద్ద మనకు శత్రువు. కావున ఏ తీరము అందమైనదని కాక, ఏ తీరము ఎవరికి, ఏ మాసమున, ఏ వేళ తగినదని విచారింతము.

ఒకప్పుడు 'ద్వీపాంతరము' అను మాట చెవినిబడినంతనే తెలుగు ఇండ్లలో గుండెలు ఝల్లుమనెడివి. 1858లో ఆంగ్ల ప్రభుత్వము అండమానులో బందీల నివాసమును నెలకొల్పెను. 1896లో ఆరంభించి 1906 నాటికి పూర్తిచేసిన సెల్యులర్ జైలు నేటికిని అచ్చట నిలిచియున్నది. ఆ దీవులకే నేడు మనము సెలవులు గడుపుటకు పోవుచున్నాము. అంతేకాదు, 2011 జనాభా లెక్కల ననుసరించి ఆ దీవులలో నూటికి పదుమూడుగురికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములనుండి పోయి స్థిరపడిన మత్స్యకారులు వారిలో అనేకులు. ఆ సముద్రపు గుణము వారికి తెలిసినట్లు ఏ గ్రంథమునకును తెలియదు. వారినడుగుటకు మనకు పరభాష అక్కరలేదు.

చెన్నపట్నమునుండి ఈ దీవుల ముఖ్యపట్టణము పదుమూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. విమానమున రెండు గంటల పైచిలుకు; ఓడపై సుమారు మూడు దినములు. ఏడు దినముల సెలవు గలవారికి ఓడ పనికిరాదు. ఆ పట్టణమును పోర్టుబ్లెయిరు అనెడివారు. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీపమైనది. నీల్ దీవి షహీద్ ద్వీపమైనది. పాత పేర్లును వాడుకలో నున్నందున ప్రయాణికులు రెండింటిని గుర్తుంచుకొనుట మంచిది.

ఇక తీరమును ఎంచుకొనుటలో మొదటి పరీక్ష దిక్కు. సుమారు మే నెలనుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము వీచును. అప్పుడు పడమటి తీరములపై అలలు విరుచుకొని పడును. అటుపిమ్మట సంవత్సరాంతము వరకు ఈశాన్యపు గాలి వీచును. అప్పుడు తూర్పు తీరములు అల్లకల్లోలమగును. ఒకే దీవిలో ఒక వైపు సముద్రము ఉగ్రమైయుండగా మరియొక వైపు చెరువువలె నుండుటకు ఇదియే కారణము. జనవరినుండి ఏప్రిలు వరకు సాధారణముగ ఇరువైపుల నెమ్మదిగ నుండును. స్వరాజ్ ద్వీపమున రాధానగర్ తీరము పడమటివైపున నున్నది. కాలాపత్తర్ తూర్పువైపున నున్నది. షహీద్ ద్వీపమున లక్ష్మణ్‌పూర్ పడమర, సీతాపూర్ తూర్పు. కావున ఎవరైన "ఫలానా తీరము బహు ప్రశాంతము" అని చెప్పినచో, "మీరు పోయినది ఏ నెలలో?" అని తిరిగి అడుగవలెను.

రెండవ పరీక్ష నేల వాలు, నీటి నడక. ఇది ప్రాణములతో కూడిన విషయము. మా చెరువు నిండినప్పుడు అదనపు నీరు ఏమగును? కట్ట పొడవునను పొర్లిపోదు. మత్తడివద్దకు చేరి, ఆ ఇరుకు చోటునుండి వడిగా దుముకును. సముద్రమునందును ఇట్టిదే జరుగును. అలలు ఒడ్డునకు తెచ్చి పోసిన నీరు మరల లోనికి పోవలెను గదా. ఇసుక దిబ్బల నడుమ ఎచ్చట పల్లమున్నదో అచ్చటికి చేరి, సన్నని పాయగా లోనికి పరుగిడును. దాని వడి ఒక్కొక్కప్పుడు గొప్ప ఈతగాని వడికి మించును. విచిత్రమేమనగా, ఆ పాయ ఉన్నచోట నీరు లోతుగ నుండుటచే అలలు విరుగవు. ఇరుప్రక్కల నురుగు లేచుచుండగా నడుమ ఆ చోటు మాత్రము నిశ్చలముగ, కొంచెము నల్లగా కనిపించును. తెలియనివారు అదియే క్షేమమైన తావని తలచి అందే దిగుదురు.

మేమును అట్లే దిగితిమి. చాల ఏండ్ల క్రిందట ఒక తీరమున మా బృందములోని ఒకడు, చెరువున ఈ కట్టనుండి ఆ కట్టకు ఈదిన దిట్ట, అట్టి నెమ్మదియైన చోట నడుములోతున నిలిచియుండెను. మేము చూచుచుండగనే ఏబది గజములు లోనికి పోయెను. ఒడ్డువైపునకు ఎదురీదెను, ఈదినకొలది అలసెనే గాని చేరువకు రాలేదు. మాలో మరియొకడు దుముకబోగా, వల బాగుచేసికొనుచున్న ఒక బెస్త వృద్ధుడు అతని రెక్క పట్టి ఆపి, "ఒకడు చాలడా?" అనెను. పిదప పడవ నీటిలోనికి త్రోసి, పోయి, మా వానిని తెచ్చి ఒడ్డున పరుండబెట్టెను. ఆ దినమున నేర్చిన పాఠము ఇది: నీరు లాగినప్పుడు ఎదురీదరాదు. వెల్లకిల తేలి ఊపిరి నిలుపుకొనవలెను. ఆ పాయ సన్నమైనది; లోనికి పోయినకొలది దాని బలము తగ్గును. ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈది పాయనుండి తప్పించుకొని, ఆ తరువాత అలల వెంట ఒడ్డు చేరవలెను. ఒడ్డున నున్నవారు వెంట దుముకక, త్రాడుగాని, మూత బిగించిన ఖాళీ డబ్బాగాని విసరి, కేకవేసి ఎరిగినవారిని పిలువవలెను.

మూడవ పరీక్ష ఆటుపోటులు. ఈ విషయమున మన పంచాంగము చక్కని సాధనము. దినమునకు రెండుమారులు నీరు పొంగును, రెండుమారులు తీయును. చంద్రుడు అనుదినము సుమారు ఏబది నిమిషములు ఆలస్యముగ నడినెత్తికి వచ్చును గావున, పోటు వేళయును అంతే వెనుకకు జరుగును. అమావాస్య, పౌర్ణమి దినములకు చేరువలో ఆటుపోటులు మిక్కుటముగ నుండును. అష్టమి ప్రాంతమున తక్కువ. ఇసుక తీరమున దీనివలన అంత చిక్కు లేదు. పగడపు దిబ్బలున్న తీరములలో మాత్రము అంతయు దీనిపైననే ఆధారపడియున్నది. షహీద్ ద్వీపపు తీరములు పెక్కు ఇట్టివి. ఆటు సమయమున పగడపు రాయి బయటపడును; అది కత్తివలె పాదములను కోయును, ఈతకు చాలినంత నీరును ఉండదు. అదే వేళ లక్ష్మణ్‌పూర్‌వద్ద, ప్రకృతి తొలిచిన రాతివంతెన దాపునకు నడిచిపోయి, రాతిగుంటలలో చిక్కిన చిన్న చేపలను చూడవచ్చును. కావున స్నానమునకు పోటు వేళ, నడకకు ఆటు వేళ అని గుర్తుంచుకొనుడు. నడక ముగించి, నీరు తిరుగకముందే వెనుకకు రావలెను.

నాలుగవ పరీక్ష ఇరుగుపొరుగు. మడ అడవులును, వానిలోనుండి సముద్రమున కలియు వాగులును ఉన్నచోట ఉప్పునీటి మొసళ్ళు తిరుగును. ఇది కట్టుకథ కాదు. 2010లో స్వరాజ్ ద్వీపమున, అప్పటి హేవ్‌లాక్‌లో, ఒక విదేశ వనిత మొసలివాత బడి మరణించెను. తీరమున మొసళ్ళ హెచ్చరిక ఫలక మున్నచో దానిని ఆలయ ద్వారమందలి ఆజ్ఞవలె పాటింపవలెను. వాగు కలియు చోటను, చీకటిపడిన పిదపను నీటిలో దిగరాదు.

చీకటి యనగా మరియొక మాట. మన దేశమంతటికి గడియారము ఒక్కటే. సూర్యుడు మాత్రము గడియారమును చూచి నడువడు. అండమాను దీవులు ఎల్దుర్తికి తూర్పున పదునాలుగు రేఖాంశములకు పైగా నున్నవి. ఒక్కొక్క రేఖాంశమునకు నాలుగు నిమిషముల చొప్పున ప్రొద్దు ముందుగా పొడుచును. జనవరిలో అచ్చట సాయంకాలము అయిదుంబావు ప్రాంతముననే సూర్యుడు క్రుంకును. మన ఊరి అలవాటు చొప్పున "ఎండ తగ్గనిండు, అయిదింటికి పోవుదము" అనుకొన్నవారికి తీరమున చీకటియే మిగులును. తెల్లవారుజామున లేచువారికి మాత్రము దినము గంటసేపు ముందుగా ఆరంభమగును.

అచ్చటి ఇసుక తెలుపును చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు. మన గోదావరీ కృష్ణల తీరపు ఇసుక కొండరాళ్ళు అరిగి నదుల వెంట వచ్చినది. అందుచే గోధుమవన్నెగ నుండును. అండమాను తెల్లని ఇసుకలో అధికభాగము పగడములును, గుల్లలును పొడియై ఏర్పడినది. పగడపు రాయి మీది నాచును కొరికి తిను చేపలు ఆ రాతిని నూరి ఇసుకగా విసర్జించును. ఒక పగడపు ముక్క ఎదుగుటకు ఏండ్లు పట్టును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడములకు రక్షణ కలదు; వానిని ఏరి సంచిలో వేసికొనుట నేరము. పిల్లలకు ఈ మాట బయలుదేరుటకు ముందే చెప్పవలెను.

2004 డిసెంబరు 26న సుమత్రా చెంత సంభవించిన భూకంపమువలన లేచిన సునామీ ఈ దీవులలో వేలమందిని పొట్టనబెట్టుకొనెను. దీనిని తలచి ప్రయాణము మానుకొననక్కరలేదు. ఒక నియమము నేర్చుకొనిన చాలును. తీరమున నుండగా భూమి చాలసేపు గట్టిగా కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తీసినను, వింతను చూచుచు నిలువక మెరకకు పరుగిడవలెను. నేడు మన దేశమునకు సునామీ హెచ్చరికలు పంపు కేంద్రము, సముద్రమే లేని హైదరాబాదులో, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమున 2007నుండి పనిచేయుచున్నది. ఎత్తైన అలలను గూర్చిన హెచ్చరికలును అచ్చటినుండియే వెలువడును. ఎల్దుర్తివారికి ఈ కేంద్రము ఏ తీరముకంటెను దగ్గర!

పేరు ప్రతిష్ఠల మాట యేమి? శుచి, నీటి స్వచ్ఛత, రక్షణ మున్నగు విషయములను పరీక్షించి తీరములకు 'నీలి పతాకము' నొసగు పద్ధతి యొకటి ప్రపంచమున నున్నది. 2020లో మన దేశమున ఆ గౌరవమునొందిన మొదటి ఎనిమిది తీరములలో రాధానగర్ ఒకటి; మన విశాఖపట్నపు ఋషికొండ మరియొకటి. ఈ పతాకము శాశ్వత బిరుదు కాదు. ఏటేట తిరిగి సంపాదించుకొనవలసినది. అది మంచి గుర్తే గాని, ఆ దినపు అలను మీకు బదులుగ చూచి చెప్పజాలదు.

ఇక ఆ కుటుంబమువారికి మా సలహా. పెద్దావిడ సౌకర్యమునకును, పిల్లల క్షేమమునకును షహీద్ ద్వీపమున భరత్‌పూర్ తీరము అనుకూలము. పడవ దిగు రేవునకు చేరువ. నీరు లోతు తక్కువ. అద్దపు అడుగు గల పడవలో కూర్చుండి, కాలు తడియకుండ ఆమెయు పగడములను చూడవచ్చును. రెండు దినములు అచ్చట నుండుడు. తరువాత రెండు దినములు స్వరాజ్ ద్వీపము. రాధానగర్‌లో రక్షకులు కాపలా యుండుచోటనే, మోకాటి లోతు మించకుండ పిల్లలను దింపుడు. పిమ్మట అందరును కూర్చుండి సూర్యాస్తమయమును చూడుడు. మిగిలిన దినములు రాకపోకలకును, సెల్యులర్ జైలునకును చాలును. ఆరు తీరములను ఒక్కొక్క గంట చూచుటకంటె రెండు తీరములను పోటునను ఆటునను చూచుట మేలు.

సొమ్ము చాలనిచో చిన్నబుచ్చుకొనవలదు. రైలెక్కి ఋషికొండకు పోయినను సముద్రము సముద్రమే; అచ్చటి తీరమునను లోనికి లాగు పాయలు కలవు గావున పైన చెప్పిన జాగ్రత్తలన్నియు వర్తించును.

ఏ తీరమునకు పోయినను మొదటి పావుగంట నీటిలో దిగకుడు. ఒడ్డున నిలిచి అల ఎచ్చట విరుగుచున్నదో, ఎచ్చట విరుగుటలేదో పిల్లలచేతనే చెప్పింపుడు. తరువాత ఆ ఊరి బెస్తవానిని అడుగుడు. ఆతడు "దిగవచ్చును" అన్నచోటే ఆనాటికి మీకు మేలైన తీరము.