కాలికింది గాజుపొర

ఇంటికి టైల్స్ కొనడానికి వెళ్తున్నారని విన్నాను అమ్మడూ. షాపులో అడుగు పెట్టగానే ఒక పని చెయ్యి. వరసగా నిలబెట్టిన పలకల్లో నీకు నచ్చినదాన్ని కిందికి దించమని, బోర్లా పెట్టమని అడుగు. దాని వీపు మీద, గరుకుగా గళ్ళు గళ్ళుగా ఉన్నచోట, ఒక చెంచాడు నీళ్ళు పొయ్యి. గోడకు వేసే మామూలు సిరామిక్ టైలైతే చూస్తుండగానే నీళ్ళు ఇంకిపోయి అక్కడ ముదురు మరక తేలుతుంది. అసలైన పోర్సలీన్ టైలైతే నీటిబొట్టు పోసినచోటే ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది. రెండు నిమిషాలాగి గుడ్డతో తుడిస్తే ఆనవాలు కూడా మిగలదు.

పోర్సలీన్ అనిపించుకోవాలంటే పలక తన బరువులో అర శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదు. అది అంతర్జాతీయంగా పెట్టుకున్న నియమం. మన దేశంలో టైల్స్ ప్రమాణం నంబరు ఐఎస్ 15622, బాక్సు మీద వెతుకు. రెండడుగుల పలక, తొమ్మిది మిల్లీమీటర్ల మందంతో, ఏడున్నర కిలోల దాకా తూగుతుంది. అందులో అర శాతమంటే 38 గ్రాములు, టీ కప్పులో సగం కూడా కాదు. పది శాతం పీల్చే గోడ టైలు అంతే బరువుంటే ముప్పావు లీటరు తాగేస్తుంది. అందుకే గోడ టైలును నేలకు వేస్తే తడికీ బరువుకూ ఎక్కువకాలం తట్టుకోదు. ధర తక్కువని ఎవరైనా అంటగట్టబోతే ఒప్పుకోకు.

ఇంత గట్టిదనం దానికి ఎక్కడిదని అడుగుతావు. అందులో ఉండేవి మన నేలలో దొరికే సరుకులే. తెల్లబంకమన్ను, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్. గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ పక్కపక్కనే ఉంటాయి. మూడింటినీ నీళ్ళతో కలిపి మెత్తగా రుబ్బి, ఆరబెట్టి పొడి చేసి, పెద్ద ప్రెస్సులో పలకగా నొక్కుతారు. తర్వాత 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. పొడవాటి బట్టీలో రోలర్ల మీద ఒక చివర లోపలికి వెళ్ళిన పలక సుమారు గంటకల్లా రెండో చివర బయటికొస్తుంది. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి, పల్లీచిక్కీలో బెల్లంపాకం పలుకుల సందుల్లోకి దూరినట్టు, పలుగురాతి రేణువుల మధ్యకు పాకుతుంది. చల్లారాక గాజై బిగుసుకుంటుంది. నీళ్ళు దూరడానికి ఇక సందేదీ? సందులన్నీ పూడుకుపోయే క్రమంలో పలక పొడవులో ఏడు శాతం దాకా కుంచించుకుపోతుంది కూడా. బట్టీలో వేడి కాస్త అటూ ఇటూ అయితే ఒక విడతకూ ఇంకో విడతకూ కొలతలో తేడా వస్తుంది, రంగులోనూ వస్తుంది. బాక్సు మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు వేసేది అందుకే. ఒక గదికి తీసుకున్న బాక్సులన్నిటి మీదా అవి ఒకేలా ఉన్నాయో లేదో లారీ మీదినుంచి దించేటప్పుడే చూసుకోండి. పరిచాక చూస్తే ఏం లాభం!

ఈ రహస్యం చైనావాళ్ళకు వెయ్యేళ్ళ ముందే తెలుసు. ఐరోపావాళ్ళకు 1708 దాకా చిక్కలేదు. బంగారం తయారుచేస్తానని చెప్పి సాక్సనీ పాలకుడి చేతికి చిక్కిన బోట్గర్ అనే యువకుడు, చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి డ్రెస్డెన్‌లో దాన్ని పట్టుకున్నాడు. 1710లో మైసెన్‌లో కార్ఖానా మొదలైంది. రాజులు కప్పులకూ సాసర్లకూ దాచుకున్న ఆ పింగాణీ ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలకెత్తి మన ఊళ్ళకు వస్తోంది. దేశంలో తయారయ్యే టైల్స్‌లో అధికభాగం ఆ ఒక్క ఊరి చుట్టుపక్కలవే.

పలక ఒళ్ళు అలా తయారవుతుంది. నువ్వు చూసి మురిసే అందం మాత్రం ఒంట్లో లేదు, పైన ఉంది. పాలరాతి చారలూ టేకు గీతలూ ఇంక్‌తో అచ్చువేసినవి. దాని మీదా కిందా గ్లేజు అనే గాజుపూత ఉంటుంది. ఇవన్నీ కలిసి మిల్లీమీటరు మందం కూడా ఉండవు. షాపులో జీవీటీ అనేది దీన్నే. ఆ పూతను సానపట్టి మెరుగుపెడితే పీజీవీటీ. ఇది కాక డబుల్ చార్జ్ అని ఒకటుంది. అందులో రంగుపొడి మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. డిజైన్లు తక్కువే గానీ అరుగుదలకు బాగా ఆగుతుంది. జీవీటీ అంచు పెచ్చు ఊడితే లోపలి మట్టిరంగు బయటపడుతుంది. డబుల్ చార్జ్‌లో అది అంతగా కనబడదు. రోలూ రోకలీ వాడే చోట, గ్యాసు బండ ఈడ్చే చోట ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఆ గాజుపూతకు పగవాడు ఇసుక. 1812లో మోస్ అనే ఖనిజశాస్త్రజ్ఞుడు ఏ రాయి దేన్ని గీయగలదో చూసి ఒకటి నుంచి పది దాకా మెట్లు పెట్టాడు. నేల టైలు గ్లేజు అయిదారు మెట్ల మీద ఉంటుంది. మన ఇసుకలో అధికభాగం పలుగురాయి, అది ఏడో మెట్టు. అంటే కాళ్ళకు అంటుకుని వచ్చిన ప్రతి ఇసుక రేణువూ మన బరువుతో ఆ గాజును గీయగలదు. చీపురు పుల్ల గీయలేదు, కుర్చీకాలి ప్లాస్టిక్కు గీయలేదు. వాటి కింద చిక్కుకున్న ఇసుక గీస్తుంది. నమ్మకం కుదరకపోతే షాపులోనే చూడు. గుమ్మం దగ్గర వంగి, సెల్‌ఫోను టార్చిని నేలకు దాదాపు ఆనించి పక్కగా వెలుగు వెయ్యి. తలుపు ఈడ్చుకునే మేర వంపు తిరిగిన సన్నని గీతలు, జనం నిలబడి బేరమాడే కౌంటరు ముందు మసకబారిన మచ్చ కనిపిస్తాయి. గోడ పక్కన, ఎవరూ తొక్కనిచోట, అదే టైలు అద్దంలా ఉంటుంది. నల్లటి నిగనిగల టైలైతే ఈ గీతలకు టార్చి కూడా అక్కర్లేదు.

దీన్ని కొలవడానికి ఒక పరీక్ష ఉంది. పలక మీద ఉక్కు గోళీలు, అల్యూమినా రజను, నీళ్ళు వేసి గిరగిరా తిప్పుతారు. ఎన్ని చుట్లకు అరుగుదల కంటికి తెలిసిందో చూసి పీఈఐ అనే తరగతి ఇస్తారు. పీఈఐ 3 అంటే 750 నుంచి 1500 చుట్ల దగ్గర మచ్చ తేలిందని. నాలుగో తరగతి 1500కు చెదరదు. అయిదోది 12000 చుట్లు తిరిగినా చెక్కుచెదరకుండా, ఆపైన మరక పరీక్షలో కూడా నెగ్గాలి. పడగ్గదికి మూడు చాలు. గుమ్మం, హాలు, వంటిల్లు నాలుగుండాలి. మీ ఇల్లు మట్టిరోడ్డు పక్కన కాబట్టి ఆ మూడు చోట్లా నాలుగుకు తగ్గొద్దు. షాపతను చెప్పలేకపోతే కంపెనీ కాగితం తెప్పించమను. ఏ టైలు వేసినా గుమ్మం బయట ఒక గోనెపట్టా, లోపల ఒక పట్టా వేసుకోండి. తడిగుడ్డ పెట్టేముందు పొడి చీపురుతో ఊడవడం మానొద్దు. ఊడవకుండా తుడిస్తే ఇసుకను నేలంతా రుద్దినట్టే.

నున్నదనం సంగతి ఇంకా ముఖ్యం. మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, చంటాడేమో ఇప్పుడిప్పుడే లేచి పరుగులు నేర్చుకుంటున్నాడు. పొడినేల మీద మన పాదానికీ టైలుకూ మధ్య ఒరిపిడి ఉంటుంది, కాలు నిలుస్తుంది. నీళ్ళు పడితే పాదానికీ టైలుకూ నడుమ పలచని నీటిపొర చేరి, తాకవలసిన రెండూ తాకవు. గరుకు టైలు మీద మిట్టలు ఆ పొరను చీల్చుకుని పాదాన్ని పట్టుకుంటాయి. నునుపు టైలు మీద ఆ మిట్టలే ఉండవు. జర్మనీవాళ్ళు టైలు మీద నూనె పోసి, దాన్ని ఏటవాలుగా లేపుతూ మనిషిని నడిపించి, ఏ కోణం దగ్గర జారాడో చూసి ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తులు ఇచ్చారు. ఆర్9 అంటే పది డిగ్రీల లోపే జారతారు. ఆర్10 అయితే 19 డిగ్రీల దాకా, ఆర్11 అయితే 27 దాకా ఆగుతుంది. స్నానాలగదికీ, పెరటి అరుగుకూ, ఇంటిముందు మెట్లకూ ఆర్11 తీసుకోండి. మురికి పట్టేస్తుంది, తోమాలి అని ఇంట్లో ఎవరైనా అన్నా వినొద్దు. పెద్దవాళ్ళ తుంటి ఎముక విరిగితే ఎన్ని నెలలు మంచానికి అంటుకుపోవాలో చూసిన వాణ్ణి చెబుతున్నాను. వంటింట్లో మాట్ ఫినిష్. హాలులో మెరుపు కావాలంటే వేసుకోండి, నీ ముచ్చట కాదనను.

చల్లదనం గురించి కూడా అడిగావు. టైలు తనంతట తాను చల్లగా ఉండదు. గది ఎంత వేడిగా ఉంటే అదీ అంతే. మన పాదం చర్మం సుమారు 33 డిగ్రీలుంటుంది. గది 28 డిగ్రీలున్నప్పుడు టైలు మన కాలి వేడిని చెక్కకన్నా ఎన్నోరెట్లు త్వరగా లాక్కుంటుంది కాబట్టి హాయి. మేనెలలో పైఅంతస్తు గది 38 దాటితే అదే టైలు కాలికి వెచ్చగా తగులుతుంది.

ఇక పరచడం. మంచి టైలు కొని పనిలో పాడుచేసుకునే ఇళ్ళే ఎక్కువ. పాత పద్ధతిలో మేస్త్రీలు టైల్స్‌ను డ్రమ్ములో నానబెట్టి, సిమెంటు పాలు పోసి అతికించేవారు. నీళ్ళు పీల్చే టైలుకు అది సరే. సిమెంటు పాలు దాని సందుల్లోకి దిగి గట్టిపడతాయి. పోర్సలీన్‌కు సందులే లేవని చెప్పాను కదా, ఇక సిమెంటు దేన్ని పట్టుకుంటుంది? అందుకే ఐఎస్ 15477 గుర్తున్న టైల్ గమ్ కావాలి. నానబెట్టొద్దని మేస్త్రీకి ముందే చెప్పండి. టైలు వీపును వేలితో రుద్ది చూడు, తెల్లటి పొడి అంటుకుంటుంది. బట్టీలో రోలర్లకు అంటుకోకుండా పూసిన పొడి అది. తడిగుడ్డతో తుడవకపోతే గమ్ము టైలును వదిలి ఆ పొడిని పట్టుకుంటుంది. గమ్మును పళ్ళున్న తాపీతో ఒకే దిక్కుకు దువ్వి, టైలు నొక్కాక మొదటి పలకను ఒకసారి లేపి చూపించమనండి. వీపంతా గమ్ము అంటి ఉండాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి వదిలేస్తే మధ్యలో గుల్ల మిగులుతుంది. ఆరాక నాణెంతో తట్టినప్పుడు డొల్ల మోత వినిపించేది అక్కడే. పప్పుగుత్తి పడ్డా పగిలేదీ అక్కడే.

జాయింటు లేకుండా అంటించమని చాలామంది పట్టుబడతారు, చూడముచ్చటగా ఉంటుందని. ఆ మాట అనొద్దు. ఇరవై అడుగుల హాలులో చలికాలం తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ టైల్స్ వరస మొత్తం మీద మిల్లీమీటరు పైగా సాగుతుంది. అదే సమయంలో కొత్త స్లాబు ఆరుతూ రెండు మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోవచ్చు. కింద నేల దగ్గరకు లాగుతుంటే పైన పలకలు పక్కకు తోస్తాయి. చోటు దొరక్కపోతే ఏ వేసవి మధ్యాహ్నమో పెద్ద చప్పుడుతో రెండు పలకలు తలలు ఆనించుకుని డేరాలా పైకి లేస్తాయి. ఇంట్లోవాళ్ళు భూకంపమనుకుంటారు, దయ్యమనుకునేవాళ్ళూ ఉన్నారు. అది కేవలం చోటులేని నేల. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు, గోడ చుట్టూ స్కర్టింగ్ కింద దాగేలా కనీసం అయిదు మిల్లీమీటర్ల ఖాళీ వదిలించండి. ఆ ఖాళీలో సిమెంటు కూరొద్దు.

గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని, జాయింట్లలో గ్రౌట్ అనే సిమెంటు నింపిన మర్నాడే పసుపు నీళ్ళు చల్లకండి. పచ్చిసిమెంటులో సున్నం గుణం ఉంటుంది. పసుపు తగిలితే పారాణి కలిపినప్పటిలాగే ఎర్రబడి, జాయింట్లన్నీ మరకలవుతాయి. టైలు మీద పడింది తుడిస్తే పోతుంది, గ్రౌట్‌లోకి దిగింది పోదు. ఎండ తగిలేచోట పసుపు మెల్లగా వెలిసిపోతుంది గానీ దేవుడి గదిలో ఎండెక్కడిది? అక్కడా, వంటగట్టు దగ్గరా ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. ఖరీదెక్కువైనా నూనెనూ పసుపునూ పీల్చదు.

పని అయ్యాక సిమెంటు మరకలకు యాసిడ్ పోస్తామంటారు. అమ్మమ్మ ఇంట్లో బేతంచర్ల నాపరాళ్ళ మీద నిమ్మకాయ పిండితే మచ్చ పడేది గుర్తుందా? అది సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. టైలు గాజు దాన్ని లెక్కచెయ్యదు. గ్రౌట్ మాత్రం నాపరాతిలాగే కరిగిపోతుంది. తుప్పు మరకలు తీసే కొన్ని ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది గాజునే తింటుంది, మనిషి చేతికి ఇంకా ప్రమాదం. వాటిని ఇంట్లోకి రానివ్వొద్దు. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బునీళ్ళు చాలు.

కొలతకు మించి నూటికి పది పలకలు ఎక్కువ తెప్పించండి. కోతలకు పోయాక కనీసం ఒక బాక్సు మిగలాలి. దాన్ని అటక మీద పెట్టి, షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న అట్టముక్క చింపకుండా దాని మీదే ఉంచు. పైపులవాడు ఎప్పుడో ఒకసారి స్నానాలగది నేల తవ్వుతాడు. ఆ రోజుకు ఆ డిజైను కంపెనీవాళ్ళ దగ్గర కూడా ఉండదు.